వరండాలో రెండు రంపాలు

"నా గరాటు ఏదండీ?"

"ఏ గరాటు?"

"నూనె పోసుకునే స్టీలు గరాటు. మనింట్లో ఎన్ని గరాట్లున్నాయేంటి?"

మావారు పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆయన అంత శ్రద్ధగా చదువుతున్న పేజీ నిండా పట్టుచీరల ప్రకటన ఉంది. వేంకటసుబ్రహ్మణ్యంగారికి చీరల మీద ఇంత ఆసక్తి ఉందని పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు.

"కడిగి గట్టు మీద పెట్టాను కదా, సర్ఫుతో," అన్నారు చివరికి.

"అంటే దేనికో వాడారన్నమాట."

"పెట్రోలు పోశాను. ఒక్కసారే. పెట్రోలు ఆవిరైపోతుంది కనకం, చుక్క కూడా మిగలదు."

"ఆవిరైపోతే మరి సర్ఫు ఎందుకు?"

దానికి ఆయన పేజీ తిప్పారు. కాలేజీలో సంస్కృతం చెబుతారు. ఎదుటివాడి తర్కంలో దోషం పట్టుకోవడం ఆయన వృత్తి. ఇంటికొస్తే తర్కానికి సెలవు.

గరాటు తెచ్చి వాసన చూశాను. ముందు సర్ఫు వాసన వచ్చింది. దాని వెనకాలే పెట్రోలు బంకు వచ్చింది.

"గరాటుకి ఇంత గొడవా? ఇంకోటి కొనుక్కో," అన్నారు.

"ఈ గొడవ గరాటు గురించే. వరండా గురించి వేరే గొడవ ఉంది. అది సాయంత్రం పెట్టుకుందాం," అన్నాను.

తెనాలి గంగానమ్మపేటలో మా ఇంటికి వెనక ఒక వరండా ఉంది. పైన రేకు కాదు, స్లాబు. ఎండ పడదు, జల్లు కొట్టదు, గాలి ఆడుతుంది. మే నెలలో ఆవకాయ పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు తెనాలిలో ఉందంటే నేను నమ్మను. ప్రతి ఏడూ బాపట్ల నుంచి మా అమ్మ కమలమ్మ, రేపల్లె నుంచి చెల్లెలు సాహితి వస్తారు. మూడిళ్ళ ఆవకాయా ఆ వరండాలోనే కలుపుతాం. ముక్కలు కొట్టడానికి ప్రభుదాస్ తన కత్తితో వస్తాడు. నీళ్ళ చుక్క తగలకూడదు, దుమ్ము పడకూడదు. ఈ విషయంలో నేను కొంచెం పట్టుదల మనిషిని. ఎక్కువ పట్టుదల అని సాహితి అంటుంది.

ఆ వరండా కిందటేడు తుఫాను నాటి నుంచి నాది కాదు.

తుఫానుకి మా వీధిలో నిద్రగన్నేరు చెట్టు అడ్డంగా పడింది. వీధి వీధంతా చుట్టూ నిలబడి సలహాలిచ్చింది, చెట్టు మాత్రం కదల్లేదు. అప్పుడొక కుర్రాడు నారింజ రంగు మిషన్ ఒకటి పట్టుకొచ్చి, తాడు లాగి, అంత మానునీ దోసకాయ తరిగినట్టు తరిగేశాడు. మావారు గొడుగు మూసేసి, వర్షంలో తడుస్తూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. మా పెళ్ళిచూపుల్లో కూడా ఆయన నావైపు అలా చూడలేదు. నేనక్కడే ఉన్నాను కాబట్టి చెప్పగలను.

నెల తిరక్కుండా వజ్రసింహ కంపెనీ మిషన్ రంపం మా ఇంటికొచ్చింది. అప్పటికి వీధిలో పడిన చెట్టు లేదు, పడబోయే చెట్టూ లేదు. మాకున్న వృక్ష సంపద పెరట్లో ఒక మునగ. మునగ కొమ్మ కాకి గట్టిగా వాలినా విరుగుతుంది.

కొయ్యడానికేమీ లేకపోయినా పనికి లోటు రాలేదు. వరండాలోకి ఒక బల్ల వచ్చింది. బల్ల మీదికి పట్టుకారు, పానాలు, ఆకురాళ్ళు, గ్రీజు డబ్బా వచ్చాయి. ప్రతి ఆదివారం ఆయన చైను ఊడదీసి, ఒక్కొక్క పన్నూ ఆకురాయితో పదును పెట్టి, మళ్ళీ బిగిస్తారు. వచ్చే ఆదివారం దాకా ఆ పళ్ళు కరిచేది ఏమీ ఉండదు. అయినా మళ్ళీ పదును. పక్కన నిలబడ్డవాళ్ళకి పాఠం కూడా చెబుతారు. "ఆకురాయిని ముందుకే తొయ్యాలి. వెనక్కొచ్చేటప్పుడు ఎత్తాలి. రెండువైపులా రుద్దేవాడు మూర్ఖుడు." పక్కన నిలబడేది సాధారణంగా బట్టలారేస్తున్న నేనే.

దసరాకి దానికి ఆయుధ పూజ చేశారు. గంధం, పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ. మర్నాడు తాడు లాగితే దగ్గింది, అంతే. స్టేషన్ దగ్గర షఫీక్ రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. అతను మూత విప్పి, గాలి పీల్చే జల్లెడ బయటికి తీసి, వేలితో రాసి చూశాడు.

"సార్, ఇందులో పసుపు కుంకుమ ఉన్నాయండి. మిషన్‌కి పెళ్ళి చేశారా?"

"పూజ చేశామయ్యా."

"బయట చెయ్యాలండి పూజ. ముక్కులోపల కాదు."

అది నెల రోజులు షఫీక్ దగ్గరే ఉండిపోయింది. ఆ నెల సంగతి మళ్ళీ చెబుతాను.

ఇక్కడ మా చెల్లెలి భర్తను తీసుకురావాలి. అజయ్ బాబుకి రేపల్లెలో మందుల షాపు. మంచివాడే. అయితే తోడల్లుడి దగ్గరున్నది తన దగ్గర లేకపోతే నిద్ర పట్టదు, ఉన్నా అదే కంపెనీదైతే పరువు నిలవదు. అందుకని ఆకుపచ్చ టోకుమా కొన్నాడు. అతని వృక్ష సంపద ఒక కరివేపాకు మొక్క.

ఆ రోజు నుంచి ఇద్దరికీ రెండు మతాలు. మావారికి నారింజ టోపీ, నారింజ టీషర్టు, స్కూటర్ మీద వజ్రసింహ స్టిక్కరు. అతనికి ఆకుపచ్చవి. పండక్కి కలిస్తే పిల్లల చదువులూ ఆరోగ్యాలూ ఏమీ ఉండవు.

"మీది బరువెక్కువ అన్నయ్యగారూ."

"బరువు కాదయ్యా, నిండుదనం. నీది బొమ్మ."

"జపాన్ టెక్నాలజీ అండి."

"జపాన్ వాళ్ళకి చెట్లెక్కడివి? కుండీల్లో పెంచుకుంటారు."

ఒకసారి అందరం సూర్యలంక వెళ్ళాం. నేనూ సాహితీ సముద్రం చూస్తున్నాం. వాళ్ళిద్దరూ సముద్రానికి వీపు పెట్టి సరుగుడు చెట్లు చూస్తున్నారు.

ఇప్పుడు ఆ నెల సంగతి. వజ్రసింహ షఫీక్ షాపులో ఉన్నప్పుడే అజయ్ బాబు తన టోకుమా మాకు చూపించడానికి తెచ్చాడు. అట్నుంచటే వాళ్ళు తిరుపతి వెళ్ళాలి. కొండకి రంపం పట్టుకెళ్ళలేరు కనక మా వరండాలో పెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చాక షాపులో పని పడి చాలా రోజులు రాలేదు. మావారు దాని మీద పాత లుంగీ ఒకటి కప్పారు. ఊడవాలి, కాస్త పక్కకి జరపండి అంటే, "నేను ముట్టుకోను. చేతికి అలవాటైతే కష్టం," అన్నారు. వజ్రసింహ వెనక్కొచ్చేదాకా వరండా గడప తొక్కలేదు. సాయంత్రాలు ముందు గదిలో కూర్చుని పుస్తకం చదువుకున్నారు. కాఫీ బాగుందని కూడా ఒకసారి అన్నారు.

సరే, గరాటు రోజు సాయంత్రం. అనుకున్నట్టే వరండా గొడవ మొదలుపెట్టాను.

"ఆదివారం అమృతలూరు నుంచి కాయలొస్తున్నాయి. శనివారానికి వరండా ఖాళీ చెయ్యాలండీ."

"ఎందుకు ఖాళీ? అక్కడే కోద్దాం. మిషన్‌తో."

"ఏంటి కోసేది?"

"ఆవకాయ ముక్కలు. ప్రభుదాస్ కత్తితో ఎంతసేపు కొడతాడు? టెంకతో సహా గట్టి కాయ. దానికి సరైన ఆయుధం ఇదే."

"గ్రీజు కారే చైనుతోనా?"

ఆయన మొహం వెలిగింది. ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టున్నారు. "గ్రీజు కాదు. చైనుకి నువ్వుల నూనె పోస్తున్నాను. గానుగ నూనె. చిక్కగా ఉంటుంది, పైగా తినదగింది."

వంటింట్లోకి వెళ్ళి ఆవకాయకని తెప్పించిన నూనె డబ్బా ఊపి చూశాను. తేలిగ్గా ఊగింది. గరాటుకి ఇంకో నేరం కూడా తెలుసన్నమాట.

మిషన్ మాట హాస్యానికన్నారనుకున్నాను. నాదే పొరపాటు. ఆ మిషన్ విషయంలో ఆయన ఎప్పుడూ హాస్యమాడలేదు.

ఆదివారం పొద్దున్నే కాయలొచ్చాయి. బస్తాలు విప్పితే సొన వాసన ఇల్లంతా పట్టింది. కోసిన కాయలు, ఆ రోజే ముక్కలు కొట్టాలి. మర్నాటికి మెత్తబడితే ఏడాది ఆవకాయ ఏడాది పొడుగునా మెత్తగానే ఉంటుంది. అమ్మ వచ్చింది, సాహితి వచ్చింది. ప్రతి ఏడూ అందరికంటే ముందు వచ్చే ప్రభుదాస్ రాలేదు. ఫోన్ చేశాను.

"సార్ వద్దన్నారు కదమ్మా. మిషన్ ఉందన్నారు. నేను పొన్నూరు పనికొచ్చేశాను."

ఫోన్ పెట్టి మావారి వైపు చూశాను. ఆయన నారింజ టోపీ సర్దుకున్నారు.

"పోనీ మన కత్తి తీస్తాను," అంది అమ్మ. అది తను నాకిచ్చిన కత్తి. టేకు పలక మీద ఇనప బోల్టుతో బిగించిన పెద్ద బ్లేడు. పిడి పట్టుకుని కిందికి నొక్కితే టెంక టక్కున తెగుతుంది. అది ఉండాల్సిన అటక మీద లేదు. బల్ల దగ్గరికి వెళ్ళి చూశాను. టేకు పలక వజ్రసింహకి స్టాండుగా మారి ఉంది. దాని బోల్టు, కాయ కదలకుండా పట్టుకోవడానికి చేసిన ఒక బిగింపులో ఉంది. బ్లేడు గోడకి మేకుకి వేలాడుతోంది.

"దీన్ని విప్పేశారా?"

"విప్పలేదు, అభివృద్ధి చేశాను," అన్నారు మావారు.

అజయ్ బాబు తర్వాతి రేపల్లె బండి దిగి, పెళ్ళికిచ్చిన సూట్‌కేసు మోసుకుంటూ వరండాలోకి వచ్చాడు. సూట్‌కేసులో, దుప్పట్ల మధ్య, టోకుమా ఉంది. ముందే అనుకున్నారన్నమాట. వాళ్ళావిడకి కూడా చెప్పలేదు. సూట్‌కేసు సర్దుకుంటుంటే బట్టలనుకుందట సాహితి.

నేను వాదించలేదు. ఒక బేసిన్‌లో కొన్ని కాయలు మాత్రం వాళ్ళ ముందు పెట్టాను. మిగతా బస్తాలు, కారం, ఆవపిండి, ఉప్పు, మిగిలిన నూనె వంటింట్లోకి చేర్చి తలుపు గడియ పెట్టాను.

ఇద్దరూ స్కూటర్ హెల్మెట్లు పెట్టుకున్నారు. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని తేరిపార చూసింది.

"కాయలు కోస్తారా నాయనా, యుద్ధానికెళ్తారా?"

"కాస్త వెనక్కి జరగండి అత్తయ్యగారూ."

"ఎంత వెనక్కి? బాపట్ల దాకానా?"

మావారు తాడు లాగారు. రాలేదు. మళ్ళీ లాగారు. అజయ్ బాబు హెల్మెట్లోంచే నవ్వాడు. "మాదైతే ఒక్క లాగుడేనండి." మూడోసారికి వజ్రసింహ గర్జించింది. పొగ కమ్మింది. గోడ అవతల పక్కింటివాళ్ళ తలలు వరసగా లేచాయి. బిగింపులో ఉన్న కాయ మీద ఆయన రంపం ఆనించారు.

మరుక్షణం అక్కడ కాయ లేదు.

తెగడమూ కాదు, నలగడమూ కాదు, లేదంతే. సగం చెక్క తర్వాత ఫ్యాను రెక్క మీద దొరికింది. మిగతా సగం ఇప్పటికీ దొరకలేదు.

"బిగింపు సరిగ్గా లేదు," అన్నారాయన మిషన్ ఆపి.

"చెయ్యి సరిగ్గా లేదు. జరగండి," అన్నాడు అజయ్ బాబు. అతను కాయను రెండింతలు బిగించి, టోకుమాతో నెమ్మదిగా దిగాడు. ఒప్పుకోవాలి, కాయ తెగింది. తెగినంత మేరా గుజ్జయ్యి, నువ్వుల నూనెతో కలిసి, గోడ మీదా, స్లాబు మీదా, ఇద్దరి హెల్మెట్ల మీదా, కుర్చీలో ఉన్న అమ్మ కళ్ళద్దాల మీదా పడింది.

అమ్మ కళ్ళద్దాలు తీసి, పమిట కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"మా కాలంలో ఆవకాయ జాడీలో పెట్టేవాళ్ళం. మీరు గోడకి పెట్టారు."

వాళ్ళకది వినబడలేదు.

"చూశారా అన్నయ్యగారూ, టెంక తెగింది!"

"తెగడమంటే ముక్క మిగలాలయ్యా. నువ్వు పచ్చడి చేశావు."

"మీది కనీసం పచ్చడి కూడా కాలేదు."

"అసలు కాయలో ఉంది లోపం. పీచు ఎక్కువ."

"అది మాత్రం నిజమేనండి," అన్నాడు అజయ్ బాబు. ఆ ఒక్క విషయంలో రెండు మతాలూ ఏకమయ్యాయి. రెండు మిషన్లలోనూ దోషం లేదు. దోషం అమృతలూరు మామిడిది.

బేసిన్‌లో కాయలన్నీ అయిపోయేదాకా వాళ్ళు ఆగలేదు. అయిపోయాక వంటింటి తలుపు వైపు చూశారు.

"ఇంక లేవు," అన్నాను. బల్ల దగ్గరికి వెళ్ళి పానా తీసుకుని స్టాండు విప్పడం మొదలుపెట్టాను.

"అయ్యో, అది నా స్టాండు!"

"ఇది మా అమ్మ కత్తి."

బోల్టు మొరాయించింది. ఆయన నూనె డబ్బాలోంచి నా నూనే ఒక చుక్క వేసి, కాసేపాగి తిప్పాను. వచ్చింది. మేకు మీది బ్లేడు దింపి, వేడినీళ్ళతో కడిగి, తడి లేకుండా తుడిచాను. అంచు మొద్దుబారి ఉంది. ఆకురాయి తీసుకున్నాను. ముందుకి తొయ్యడం, వెనక్కొచ్చేటప్పుడు ఎత్తడం. ఇన్ని ఆదివారాలు బట్టలారేస్తూ విన్న పాఠం ఊరికే పోలేదు. మావారు నా చెయ్యి పరీక్షగా చూశారు. తప్పు పట్టడానికేమీ దొరకలేదు. బ్లేడుని మళ్ళీ పలకకి బిగించాను.

వరండా కడిగే పని మొగవాళ్ళకి పడింది. మేం ముందు గదిలో గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నాం. నేను కత్తి నొక్కుతుంటే సాహితి కాయ పెట్టింది. టక్, టక్. ప్రతి ముక్కకీ టెంక అంటుకునే ఉంది. అమ్మ జీడి తీసేస్తూ, లోపలి పొర గోకేస్తూ, మధ్యమధ్య ఒక ముక్క ఉప్పద్దుకుని తింటోంది.

"మా ఇంట్లో ఫ్రిజ్ పక్కనే గ్రీజు డబ్బా అక్కా," అంది సాహితి. "మందుల అట్టపెట్టెలన్నీ నా బెడ్రూములోకొచ్చాయి. స్టోరు గదిలో ఆ పచ్చదానికి సింహాసనం."

"ఊఁ."

"అది మీ ఇంట్లో ఉన్న నెల ఎంత హాయిగా ఉందో. సాయంత్రం టీవీ చూసేవారు. మనిషిలాగా."

నా చెయ్యి కత్తి పిడి మీద ఆగింది. "ఏమన్నావ్?"

"మనిషిలాగా అన్నాను."

"దానికి ముందు."

సాహితి మళ్ళీ చెప్పింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ మా ఇద్దర్నీ చూసింది. "ముక్క ఆపకే, సొన కారుతోంది," అంది, కానీ నవ్వింది.

మధ్యాహ్నం దాటాక, కడిగి ఆరిన వరండాలో, పెద్ద బేసిన్‌లో ఆవకాయ కలిపాం. కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, మిగిలిన నూనె. తక్కువైన నూనె మావారే గానుగకి వెళ్ళి తెచ్చారు. కొత్త గరాటు కూడా తెచ్చారు. నేను అడగలేదు.

జాడీలకెత్తాక బేసిన్‌కి అంటుకున్న కారంలో వేడన్నం వేసి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళకి ముద్దలు పెట్టడం మా ఇంట్లో రివాజు. ఏడాదికి ఒక్కరోజే ఆ ముద్ద. దాని కోసం మొగవాళ్ళు పొద్దుట్నుంచీ ఏం చెప్పినా చేస్తారు, ఈ ఏడు తప్ప. ఎప్పుడూ అమ్మ కలుపుతుంది. ఈసారి బేసిన్ నా ముందుకి లాక్కున్నాను. అమ్మ పక్కకి జరిగింది.

పొగలు కక్కే అన్నం, ఎర్రటి గుజ్జు, పైన నూనె. పొద్దుట్నుంచీ టిఫిన్ తప్ప ఏమీ తినని అల్లుళ్ళిద్దరూ చేతులు చాపారు. నేను ముద్ద చేసి చేతిలోనే పట్టుకున్నాను.

"ఒక మాట చెబుతాను. చేతులలాగే ఉంచండి."

ఉంచారు.

"అజయ్ గారూ, సాయంత్రం రేపల్లె బండికి మీ సూట్‌కేసులో వజ్రసింహ వెళుతుంది. టోకుమా ఇక్కడ ఉంటుంది. వచ్చే ఏడు ఆవకాయ దాకా."

అజయ్ బాబే ముందు తేరుకున్నాడు.

"వదినగారూ, ఆ నారింజదాన్నా? మా ఇంట్లోనా? మా షాపు కుర్రాళ్ళు చూస్తే నా పరువేం కావాలండి?"

"స్టోరు గదిలో పెడతానులెండి, ఎవరూ చూడరు," అంది సాహితి. "ముట్టుకోమని ఎవరూ అనట్లేదు."

మావారు నా వైపు చూశారు. చాపిన అరచేతి మీద ఇంకా గుజ్జు మరక ఉంది. "కనకం, దానికి ప్రతి ఆదివారం పళ్ళు చూడాలి. వీడు చూడడు."

"నేను చూడనండి," అన్నాడు అజయ్ బాబు ఖచ్చితంగా. "మరి నా టోకుమాకి మీరు చూస్తారా?"

"నేనెందుకు చూస్తాను?"

"అలాగే కానివ్వండి నాయనా," అంది అమ్మ. "ముద్ద చల్లారిపోతోంది."

మావారు వరండా మూల వైపు చూశారు. అక్కడ నారింజదీ ఆకుపచ్చదీ పక్కపక్కనే, రెండూ గుజ్జు పూసుకుని ఉన్నాయి. బేసిన్ వైపు చూశారు. మళ్ళీ మూల వైపు చూశారు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"దాని మీద కప్పడానికి," అన్నారు చివరికి, "ఆ పాత లుంగీ ఉందా?"

"ఉంది," అని ముద్ద ఆయన చేతిలో పెట్టాను.